గేటు లోపలి గది

మనిషికి పని ఇచ్చి, ఆ పని చోటే ఉండటానికి గది కూడా ఇచ్చే పద్ధతి మునగాల చుట్టుపక్కల అడుగడుగునా కనిపిస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో గేటు పక్కన వాచ్‌మన్ గది ఉంటుంది, వెనక ప్రహరీకి ఆనించి హమాలీల రేకుల షెడ్లు ఉంటాయి. కోదాడ వైపు కోళ్ల ఫారంలో ఆలుమగలిద్దరికీ కలిపి ఒక గది. బత్తాయి తోటలో బోరు దగ్గర కాపలా కుటుంబం. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు వెళ్తే సిమెంటు ఫ్యాక్టరీల స్టాఫ్ క్వార్టర్లు. కప్పు రేకులదా స్లాబుదా అన్నది చోటును బట్టి మారుతుంది కానీ ఏర్పాటు మాత్రం ఒక్కటే. జీతం ఇచ్చేదీ, ఇంటి తాళం ఇచ్చేదీ ఒకరే. పని పోతే ఇల్లూ పోతుంది. ఇల్లు బాగాలేకపోయినా పని కోసం అందులోనే ఉండాలి. మామూలు అద్దె ఇంటి లెక్కలు ఇక్కడ కుదరవు.

యజమానులే పనివాళ్లకు నేరుగా ఇళ్లు ఇవ్వడం సాధారణంగా మంచిది కాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1961లో చేసిన 115వ సిఫారసు చెబుతుంది. తప్పనిసరైన సందర్భాలకు అదే రెండు ఉదాహరణలు ఇచ్చింది. పని జరిగే చోటు ఊళ్లకు బాగా దూరంగా ఉండటం ఒకటి, పిలిచిన వెంటనే మనిషి అందాల్సిన పని కావడం రెండోది. మిల్లూ, కోళ్ల ఫారమూ ఈ రెండో రకానివి. ఉప్పుడు బియ్యం పట్టే మిల్లులో వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. సగం పనిలో ఆపి తెల్లారాక చూసుకుందామంటే వడ్లు వాసనొస్తాయి. ఊకతో మండే బాయిలర్ దగ్గర రాత్రంతా మనిషి ఉండాలి. కోతల రోజుల్లో లారీ అర్ధరాత్రి వచ్చినా దించాలి. కోళ్ల ఫారంలోనూ అంతే. కోడిపిల్లలు దిగిన మొదటి వారం షెడ్డులో 33 డిగ్రీల దాకా వేడి నిలవాలి. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఆ పది నిమిషాల్లో లేచి చూసేవాళ్లు అక్కడే ఉండాలి.

అంటే గది అవసరం ముందు యజమానిది, ఆ తర్వాతే పనివాడిది. చాలామంది ఓనర్లు ఈ వరసను తిరగేసి, 'ఉండటానికి చోటు కూడా ఇచ్చాం కదా' అని ఉపకారం ఖాతాలో రాసుకుంటారు. రాత్రి కాపలాకు వేరే మనిషిని పెట్టుకుంటే ఎంత జీతం ఇవ్వాలో లెక్కేస్తే ఉపకారం ఎటు నుంచి ఎటు జరుగుతోందో తేలిపోతుంది.

దీనికి పాత మూలం వ్యవసాయంలో ఉంది. నల్గొండ పల్లెల్లో ఏడాది జీతానికి కుదిరిన జీతగాడు దొరవారి దొడ్లోనో పశువుల కొట్టంలోనో పడుకునేవాడు. రాత్రి గడ్డి వేయడం, తెల్లారకముందే పేడ తీయడం జీతం లెక్కలోకి వచ్చేవి కావు. అక్కడే ఉంటాడు కాబట్టి చేయాల్సిందే. జీతం మీద అప్పు చేరితే కొట్టమే చెరసాల అయ్యేది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రాసినవాళ్లు ఈ మెలికను గుర్తించారు. వెట్టికి ప్రతిఫలంగా ఇచ్చిన ఇంట్లో ఉంటున్న మనిషిని, వెట్టి నుంచి విడుదలైన కారణంగా ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని 8వ సెక్షన్‌లో పెట్టారు. అప్పు రద్దు చేసి ఇల్లు లాక్కుంటే విడుదల కాగితం మీదే మిగులుతుందని వాళ్లకు తెలుసు.

ప్రభుత్వం కూడా పెద్ద ఎత్తున ఇలా ఇళ్లు కట్టిన చరిత్ర ఈ ప్రాంతానికి ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక, డ్యాం పక్కన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వెలిశాయి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ వెంబడి ఇంజినీర్లకూ, తూములు ఎత్తి దించే లష్కర్లకూ క్వార్టర్లు అవసరమయ్యాయి. మిర్యాలగూడలో, హుజూర్‌నగర్‌లో ఎన్‌ఎస్‌పీ (నాగార్జునసాగర్ ప్రాజెక్టు) క్యాంపు అంటే ఇప్పటికీ ఆటోవాడు దారి అడగడు. తాత్కాలికంగా పుట్టిన క్యాంపులు పేటలైపోయాయి. పని చోట ఇచ్చిన ఇల్లు పనికన్నా ఎక్కువ కాలం నిలవడం అలా మామూలే.

ఇంటి ఓనర్లను అన్నిటికన్నా భయపెట్టేది కూడా సరిగ్గా అదే. పదేళ్లు ఉన్న వాచ్‌మన్ రేపు 'ఇది నా ఇల్లు' అంటే? చట్టం దీనికి సూటిగానే జవాబు చెప్పింది. అద్దెకివ్వడం ఒకటి, అనుమతి మీద ఉండనివ్వడం ఇంకొకటి. మొదటిదానికి 1882 ఆస్తి బదిలీ చట్టం, రెండోదానికి అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం వర్తిస్తాయి. కౌలుదారుకు ఆస్తిలో ఒక హక్కు పుడుతుంది, అనుమతి మీద ఉన్నవాడికి పుట్టదు. మరియా మార్గరీడా సెక్వేరా ఫెర్నాండెస్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. వాచ్‌మన్, కేర్‌టేకర్, పనిమనిషి ఎన్నేళ్లు ఉన్నా అది యజమాని తరఫున ఉండటమే తప్ప సొంత స్వాధీనం కాదని ఆ తీర్పు సారాంశం.

అయితే కాగితం మీద ఏ పేరు పెట్టారన్నది కాక, అసలు జరిగిందేమిటన్నదే కోర్టు చూస్తుంది. ఈ సూత్రం 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసు నాటిది. బాండు పేపరు మీద 'అనుమతి మాత్రమే' అని రాయించి, నెలనెలా అద్దె తీసుకుంటూ రసీదులిచ్చి, పని మానేశాక కూడా ఆ అద్దె తీసుకుంటూ పోతే వ్యవహారం కౌలు వైపు జరుగుతుంది. చిక్కులు తెచ్చుకునే ఓనర్లలో చాలామంది దురాశతో కాదు, మొహమాటంతో తెచ్చుకుంటారు. పని మానేసినవాణ్ణి 'పోనీ ఇంకో రెండు నెలలు ఉండు, ఐదొందలు ఇవ్వు' అంటారు. ఆ ఐదొందలే తర్వాత వకీలు చేతిలో ఆయుధమవుతుంది.

జీతం సంగతి ఇంకొంచెం సున్నితం. కనీస వేతనం పదివేలనుకుంటే ఏడువేలు చేతికిచ్చి, మూడువేలు గది కింద సరిపోయిందనడం కుదరదు. 1948 కనీస వేతనాల చట్టం వేతనం లెక్కలోంచి ఇంటి విలువనూ, దానితోపాటు ఇచ్చే కరెంటు, నీళ్ల విలువనూ తీసేసింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా ఇంటి విలువను వేతనం నిర్వచనానికి బయటే ఉంచింది. పూర్తి జీతం పుస్తకంలో చూపించి, పనివాడు ముందే ఒప్పుకున్న మేరకు ఇంటి కోత అని విడిగా పట్టుకోవచ్చు. ఆ కోడ్‌లోనే కలిసిపోయిన 1936 వేతన చెల్లింపుల చట్టం దీనికి దారి ఇస్తూనే, ఇచ్చిన సౌకర్యం విలువను మించి కోత పెట్టకూడదంది. ఊక దుమ్ము రాలే రేకుల గదికి ఎంత విలువ కట్టాలో చెప్పే పట్టిక మాత్రం ఏ చట్టంలోనూ లేదు. మనిషి అక్కడ ఉండటం మిల్లుకే అవసరమైనప్పుడు కోత అసలు పెట్టకపోవడమే న్యాయం.

ఆదాయపు పన్ను కట్టే స్థాయి ఉద్యోగికైతే ఇంటికి విలువ కడతారు. 2023 సెప్టెంబరు నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం, జనాభా 15 లక్షలు దాటని ఊళ్లలో యజమాని సొంత ఇల్లు ఇస్తే జీతంలో 5 శాతాన్ని దాని విలువగా తీసుకుంటారు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజినీరుకు ఇది పనికొచ్చే లెక్క, హమాలీకి కాదు.

గది ఎలా ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైనా, అన్నిటికన్నా తక్కువగా రాసుకునే విషయం. 2020 మే నెలలో, లాక్‌డౌన్ మధ్యలో, బీహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి రెండు వందల మందికి పైగా హమాలీలతో రైలు వచ్చింది. దేశమంతా వలస కూలీలు ఇళ్ల దారి పడితే, ఈ రైలు మాత్రం ఎదురు వచ్చింది. ధాన్యం కొనుగోళ్ల కాలంలో తెలంగాణ రైస్ మిల్లులకు వాళ్లు లేనిదే గడవదు. ఇంతగా కావాల్సిన మనుషులకు దొరికే చోటు సాధారణంగా ఎలా ఉంటుందంటే, పది పన్నెండు మందికి ఒక రేకుల షెడ్డు, దండెం మీద బట్టలు, మూలన గ్యాస్ పొయ్యి, అందరికీ కలిపి ఒక మరుగుదొడ్డి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఆ రేకుల కింద ఎవరూ పడుకోలేరు. రాత్రి షిఫ్టు చేసినవాళ్లు గోదాములో బస్తాల నీడన కునుకు తీస్తారు.

నిర్మాణ కూలీల విషయంలో 1996 చట్టం పని చోటే ఉచితంగా వసతి ఇవ్వాలని, వంటకూ స్నానానికీ బట్టలు ఉతుక్కోవడానికీ మరుగుకూ వేర్వేరు ఏర్పాట్లు ఉండాలని చెప్పింది. ఆ నాలుగింటినీ మిల్లు యజమాని కొలతగా పెట్టుకున్నా తప్పు లేదు. రేకుల కింద ఫాల్స్ సీలింగో, కనీసం పైన తాటాకు పందిరో వేయడం, గదిని బాయిలర్‌కూ బూడిద గుంటకూ గాలి దిశ చూసి ఎడంగా కట్టడం ఖర్చు కన్నా ఆలోచన అడిగే పనులు. తోటలో గదికైతే ఇంకో జాగ్రత్త ఉంది. వ్యవసాయ మోటారుకు వచ్చే ఉచిత కరెంటును ఇంటి బల్బుకూ ఫ్యానుకూ కలపకూడదు. ఇంటికి విడిగా మీటరు తీసుకోవాలి. తీసుకునేవాళ్లు తక్కువ.

కాగితాలు రెండు ఉండటం మంచిది, ఒకటి పనికి, ఒకటి గదికి. గది కాగితంలో ఎవరెవరు ఉంటారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, రిపేర్లు ఎవరివి, పని అయిపోయాక ఎన్నాళ్లలో ఖాళీ చేయాలి అన్నవి తెలుగులో, పనివాడిది హిందీయో ఒడియానో అయితే ఆ భాషలో ఉండాలి. డ్యూటీ గంటలు ఎప్పుడు ముగుస్తాయో కూడా రాయాలి. లేకపోతే గదిలో ఉన్నంతసేపూ డ్యూటీలో ఉన్నట్టే అవుతుంది. సెలవు రోజున కూడా తలుపు తట్టి 'లారీ వచ్చింది' అంటారు. ఓనరు గదిలోకి వెళ్లాలంటే ముందు చెప్పాలన్న వాక్యం కూడా అవసరమే. తన స్థలమే అయినా లోపల ఉన్నది ఇంకొకరి సంసారం.

ఖాళీ చేయించడంలోనే అసలు గొడవలు. ఇల్లు కంపెనీదైతే 2013 కంపెనీల చట్టం 452వ సెక్షన్ ఉంది. ఉద్యోగం పోయాక క్వార్టరు వదలనివాళ్లకు జరిమానా, కోర్టు గడువు పెట్టినా ఇవ్వకపోతే జైలు కూడా పడవచ్చు. అయితే ఆ ఉద్యోగికి కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ వంటివి బాకీ ఉంటే జైలు శిక్ష వేయకూడదని అదే సెక్షన్ రెండో ఉపవిభాగం చెబుతుంది. చిన్న మిల్లుకూ తోటకూ ఈ సెక్షన్ దొరకదు, సివిల్ కోర్టే దిక్కు. కరెంటు తీసేయడం, సామాను బయట పెట్టడం, తాళం మార్చడం ఓనరుకు తోచే మొదటి దారులు. కేసు తిరగబడేది కూడా వాటివల్లే. బాకీ జీతం, తాళం చెవి ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఇద్దరు సాక్షుల ముందు చేతులు మారితే చాలా తగాదాలు పుట్టనే పుట్టవు. పనివాడు చనిపోయి కుటుంబం మిగిలినప్పుడు కాగితంలో రాసుకున్న గడువు ఎప్పుడూ చాలదు. పిల్లలు ఊరి బడిలో చదువుతుంటే, ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసేదాకా గది ఉంచడం ఈ ప్రాంతంలో కొందరు యజమానులు రాతకోతలు లేకుండానే పాటిస్తున్నారు. దాన్ని గది కాగితంలోనే ఒక వాక్యంగా చేర్చుకోవచ్చు.