ఆగ్నెస్ వివాహము: ప్రణయమును రాజనీతియును

బెర్లిను నగరమున 1829లో పూర్తిగా ప్రదర్శితమైన స్పొంతీని గీతనాటకమునకు నాయిక హోహెన్‌స్టౌఫెన్ వంశపు ఆగ్నెస్. వైరివంశముల యువతీయువకుల అనురాగము అందలి ప్రధానరసము. రంగస్థలమునకు ఇది మనోహరమైన కథయే. కాని మూలవృత్తాంతమున ప్రణయముకంటె లోతైన విషయ మొకటి కలదు.

ఆగ్నెస్ రైన్ పాలటినేటు ప్రభువగు కాన్రాడ్‌కు వారసురాలు. చక్రవర్తి ఆరవ హెన్రీకి పినతండ్రి కుమార్తె. ఆమెను చేపట్టినవానికి ఆ ప్రభుత్వముపై ఆశ కలుగుట సహజము. బాల్యముననే ఆమెను వెల్ఫ్ వంశీయుడగు హెన్రీకి ఇచ్చుటకు నిశ్చయించిరి. అతని తండ్రి, సింహబిరుదాంకితుడగు హెన్రీ, 1180లో పదభ్రష్టుడు కాగా ఆ మాట వెనుకబడెను. పిమ్మట ఫ్రాన్సు రాజు రెండవ ఫిలిప్ ఆమెను కోరెను. ఇతడు 1193 ఆగస్టులో డెన్మార్కు రాకుమారి ఇంగెబోర్గును పెండ్లాడి, మరునాడే విడనాడినవాడు. అట్టి వరుని ఆగ్నెస్ నిరాకరించెనని ఆంగ్ల చరిత్రకారుడు న్యూబర్గ్ విలియమ్ వ్రాసెను.

ఇచ్చట తల్లి ఇర్మెన్‌గార్డ్ పాత్ర గమనింపదగినది. 1193-94 శీతకాలమున, భర్త ఇంట లేని సమయమున, ఆమె వెల్ఫ్ యువకుని బాఖరాఖ్ ఎగువనున్న ష్టాలెక్ దుర్గమునకు రావించి రహస్యముగా వివాహము జరిపించెను. చక్రవర్తి కుపితుడై దానిని రద్దుచేయుమనెను. కాని వధూవరుల పరస్పరాంగీకారమే వివాహమునకు ప్రాణమని నాటి క్రైస్తవ ధర్మశాస్త్రము నిర్ణయించియుండెను. రాజాజ్ఞ ఎంత బలవత్తరమైనను, జరిగిన పెండ్లిని తెంచుట సులభము కాదు. ఆ ధర్మసూక్ష్మమే ఇద్దరు స్త్రీలకు ఆయుధమయ్యెను. తుదకు చక్రవర్తి సమ్మతించెను. 1194లో వెల్ఫ్ వంశముతో సంధి కుదిరెను. మరుసటి యేడు కాన్రాడ్ మరణింపగా అల్లుడు పాలటినేటు ప్రభువయ్యెను.

గీతనాటకము దీనిని ప్రేమకు కలిగిన విజయముగా కీర్తించును. చరిత్ర చూపునది కొంత భిన్నము. ఆగ్నెస్ అభీష్టము నెరవేరుటకు అది ఒక వంశ ప్రయోజనముతో కలిసివచ్చుటయు కారణమే. అట్లు కలిసిరాని కన్యల నిరాకరణములు ఎన్ని అణగారిపోయెనో! ఆగ్నెస్ 1204లో గతించెను. పదేండ్లకు ఆమె కుమారుడును నిస్సంతుగా మరణింపగా పాలటినేటు విట్టెల్స్‌బాఖ్ వంశమునకు చేరెను. ఆ వంశపు ఓట్టోకు ఆమె కుమార్తె భార్య అయ్యెను. తల్లివలెనే కూతురును రాజ్యమును వెంటగొని అత్తవారింట అడుగిడిన వధువే. ఈ రెండవ పెండ్లిని ప్రక్కన నిలిపి చూచిననాడే మొదటి పెండ్లి సాహసమును, దాని పరిమితియును పాఠకునకు గోచరించును.