ఫ్లోరిడా తుపాకీ చట్టంలో మూడేళ్ల లెక్క

బట్టల చాటున తుపాకీ పెట్టుకుని తిరిగే లైసెన్సు ఎవరికివ్వాలి? ఫ్లోరిడా రాష్ట్రం 1987లో తెచ్చి, తర్వాత సవరించుకుంటూ వచ్చిన సెక్షన్ 790.06 దీని సంగతి చూస్తుంది. తుపాకుల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ సెక్షన్ రాసిన తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. ఇప్పుడు ఈ లైసెన్సులిచ్చేది పోలీసులు కాదు, వ్యవసాయ శాఖ. అర్హతలుంటే ఇచ్చి తీరాలి, మనిషి నచ్చలేదని ఆపకూడదు. అందుకే భారమంతా అర్హతలు చెప్పే వాక్యాల మీద పడింది.

ఫెలనీ, అంటే పెద్ద నేరం, రుజువైనవాళ్లకు తుపాకీ హక్కు చట్టప్రకారం తిరిగొస్తే తప్ప లైసెన్సు లేదు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. అయితే ఫ్లోరిడాలో జడ్జి ఒక్కోసారి దోషి అని ప్రకటించకుండా తీర్పు నిలిపి, ప్రొబేషన్ మీద పంపుతారు. కాగితం మీద శిక్ష పడనట్టే. ఆ సందునూ చట్టం మూసింది. అలా తీర్పు నిలిపిన కేసు ఫెలనీ అయినా, గృహహింసకు సంబంధించిన చిన్న నేరమైనా మూడేళ్లు ఆగాల్సిందే.

ఆ మూడేళ్లు ఎప్పటినుంచి? అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. తీర్పు రోజు నుంచి కాదు, ప్రొబేషన్, కోర్టు పెట్టిన ఇతర షరతులు పూర్తయిన రోజు నుంచి. 2020లో కేసు తేలి, షరతులు 2022లో తీరితే, 2025 దాకా ఆగాలి. షరతులు ఎగ్గొడుతూ కాలం వెళ్లబుచ్చేవాడికి లెక్క మొదలే కాదు. కోర్టు ఆ రికార్డును చెరిపేయిస్తే ఆటంకం తొలగుతుంది.

తాగుడు విషయంలోనూ అంతే జాగ్రత్త. తాగుబోతుకు ఇవ్వొద్దని రాసి ఊరుకుంటే ప్రతి ఉద్యోగీ తన కొలత తెచ్చేవాడు. చట్టమే కొలత పెట్టింది: దరఖాస్తుకు ముందు మూడేళ్లలో తాగి బండి నడిపిన నేరం రెండుసార్లు రుజువైతే, అలవాటు ఉన్నట్టే. అర్హత పోగొట్టే నేరంలో అరెస్టయితే మాత్రం లైసెన్సు రద్దు చేయరు, కేసు తేలేదాకా నిలిపి ఉంచుతారు. ఆ నిదానం నాకు బాగా నచ్చింది.

2023 జులై 1 నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ దాచుకుని తిరగొచ్చు. కానీ నేరాల నిబంధనలు అలాగే వర్తిస్తాయి. ఒకప్పుడు వేలిముద్రలు తీసుకుని శాఖ తేల్చిన సంగతిని, లైసెన్సు తీసుకోనివాళ్లు ఇప్పుడు పాత కేసు కాగితాలు ముందేసుకుని తామే తేల్చుకోవాలి. అందులో పొరబడితే అదే కొత్త కేసవుతుంది. శాఖ చేతే తేల్చుకోవాలనుకునేవారికి లైసెన్సు దారి ఇప్పటికీ తెరిచే ఉంది.