చెఱసాలలోని పీనుగులు

సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు మమ్మొక ప్రశ్న యడిగెను. సెలవులలో వాడు తన యన్నతో కూడి చేతిఫోనులో ఒక ఆంగ్లచలనచిత్రము చూచెనట. అందొక కారాగారము. ఖైదీలు చచ్చి, మరల లేచి, కావలివారిని కఱచి తినుచుందురట. "మాస్టారూ, వాళ్ళు అసలే దొంగలు, పైగా చచ్చిపోయినవాళ్ళు. వాళ్ళని కాల్చేస్తే తప్పేంటండీ?" అని వాడడిగెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప ఆ నవ్వు మాకు రుచింపలేదు. చచ్చినవారిని గూర్చిన మాటను ఆ చిత్రము నేర్పినది, సరియే. 'అసలే దొంగలు' అను మాటను ఆ బాలునకు నేర్పినవారెవరు?

ఈ జాతి చిత్రములను మన సాహిత్యపత్రికలు విమర్శింపవు. చవుకబారువని త్రోసివేయుట పెద్దల యాచారము. మేమును మొన్నటివఱకు అట్లే చేసితిమి. కాని మన యిండ్లలోని పిల్లలు కావ్యములు చదువుటకంటె వీనిని చూచుట యెక్కువ. పెద్దలు ముక్కు మూసికొని తొలగిపోయినచో వారికి మంచిచెడ్డల విచక్షణ నేర్పువారెవరు? కావున ఆ తెగకు చెందిన చిత్రములను కొన్నిటిని మేము తీరికగా కూర్చుండి చూచితిమి. మాకు తోచినదానిని చదువరులకు విన్నవించుచున్నాము.

'జాంబీ' యను మాట హైతీ దేశమునుండి వచ్చినది. ఫ్రెంచివారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత అచటి చెఱకుతోటలలో చాకిరి చేయించిరి. ఆ బానిసలు తిరుగుబాటు చేసి పోరాడి 1804 లో స్వతంత్రరాజ్యమును స్థాపించిరి. మాంత్రికుడు చచ్చినవానిని లేపి, తెలివిలేని దేహముగా పొలములో పని చేయించునని అచటి జనుల నమ్మకము. మనము దయ్యమునకు భయపడుదుము. వారు దయ్యమగుటకు భయపడిరి. చచ్చినను చాకిరి తప్పదనుటయే ఆ భయము యొక్క సారము. 1932 లో విక్టర్ హాల్పెరిన్ తీసిన 'వైట్ జాంబీ' చిత్రమున ఈ భావము కొంత మిగిలియున్నది. అందు మృతదేహములు చెఱకుమిల్లులో పని చేయుచుండగా ఒకటి యంత్రములో పడిపోవును. తక్కినవి తలయెత్తి చూడవు, యంత్రమాగదు.

1968 లో జార్జి రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అను చిత్రమును సుమారు 1,14,000 డాలర్లతో, నలుపు తెలుపులలో తీసెను. చాకిరి చేయు పీనుగును మనుష్యులను తిను పీనుగుగా మార్చినవాడతడే. ఐనను అసలు విషయమును అతడు మఱవలేదు. రాత్రియంతయు పీనుగులతో పోరాడి బ్రతికి బయటపడిన నల్లజాతి యువకుని, తెల్లవాఱిన పిదప వేటకు వచ్చిన గుంపు పీనుగని పొరబడి కాల్చివేయును. ఎవడు మనుష్యుడో, ఎవడు కాడో తేల్చు నధికారము తుపాకి పట్టినవానికి చిక్కినచో ఏమగునో ఆ యొక్క దృశ్యము చెప్పును. దీనినిబట్టి స్వల్పధనముతో తీయుట దోషము కాదని స్పష్టము. ధనములేమి వేఱు, ఆలోచన లేమి వేఱు.

తరువాతి వారిలో కొందఱు కథను కారాగారములోనికి తెచ్చిరి. కారణము ఊహింపదగినదే. తక్కువ ధనముతో చిత్రము తీయువానికి ఒక్క స్థలమే చాలవలెను. ఎత్తైన గోడలు, ఇనుపకటకటాలు, ఇఱుకుదారులు, అందఱికి ఒకే తీరు దుస్తులు, ఇన్నియు అచట సిద్ధముగా నుండును. తప్పించుకొను దారి లేదను భయమును ప్రత్యేకముగా కల్పింపనక్కఱలేదు. ఇంతవఱకు యుక్తమే. మఱొక సౌకర్యము కూడ కలదు; అది మాత్రము యుక్తము కాదు. చచ్చువాడు ఖైదీ యైనచో వానికి తల్లి యున్నదా, బిడ్డలున్నారా యని చూపనక్కఱలేదు. ప్రేక్షకుడు అడుగడు. దుఃఖమును చిత్రించుటకు ప్రతిభ కావలెను, కాలము కావలెను. ఖైదీ విషయమున ఆ ఖర్చు మిగులును.

2003 లో బ్రయన్ యుజ్నా స్పెయిను దేశమున తీసిన 'బియాండ్ రీ-యానిమేటర్' చూడుడు. శవములకు ప్రాణము పోయు వైద్యుడొకడు చెఱసాలలో నుండును. అచటికి కొత్తగా వచ్చిన యువవైద్యుని సాయముతో తన ప్రయోగములు మరల మొదలుపెట్టును. తుదకు చెఱసాల యంతయు అల్లకల్లోలమగును. ఎలుకలమీద మొదలైన ప్రయోగము ఖైదీల దేహములమీదికి పోవుట, కారాగారాధికారి క్రూరత్వము, ఈ రెండును కథలోనే యున్నవి. గొప్ప నాటకమునకు చాలిన వస్తువులు. దర్శకుడు వానిని వెకిలినవ్వులకును నెత్తురుచిందులకును వెచ్చించెను. 2006 నాటి 'షాడో: డెడ్ రయట్' స్త్రీల కారాగారమున జరుగును. పూర్వమచట మరణశిక్ష పొందిన హంతకుడును, ఆనాటి అల్లరిలో చచ్చిన ఖైదీలును ఆ యావరణములోనే పూడ్చబడి యుందురు. వారు లేచి వత్తురు. చచ్చినవారిని గుట్టుగా పూడ్చిన నేలమీదనే బ్రతికినవారిని బంధించుట యను నీ యూహ చక్కనిది. కాని చిత్రము స్త్రీల దేహప్రదర్శనమునందును ముష్టియుద్ధములందును కాలము గడపి, ఆ నేల చెప్పదలచిన కథను వినకయే ముగియును.

ధనము విరివిగా వెచ్చించిన 'ది వాకింగ్ డెడ్' ధారావాహికలో 2012 లో మొదలైన మూడవ భాగమును ఇచట పోల్చి చూడవచ్చును. కథానాయకుని గుంపు ఒక పాడుపడిన చెఱసాలలో తలదాచుకొనబోగా, భోజనశాలలో ఐదుగురు ఖైదీలు బ్రతికి కనబడుదురు. కావలివాడొకడు వారిని లోపలనుంచి మూసివేసి పోయెను; మరల రాలేదు. నెలల తరబడి వారు బయటిలోక మేమైనదో యెఱుగరు. ఆ చెఱసాలలో తిరుగు పీనుగులన్నిటికంటె ఆ మూసిన తలుపే మమ్మెక్కువ భయపెట్టినది. పీనుగులు కల్పితములు, అట్టి తలుపులు నిజముగా కలవు.

మన యాలంకారికులు భయానకమును బీభత్సమును వేఱువేఱు రసములుగా లెక్కించిరి. మొదటిదానికి స్థాయి భయము, రెండవదానికి జుగుప్స. ఈ భేదము వట్టి పాండిత్యము కాదు. భయపడువాడు ఆపదలో నున్నవాని చోటున తన్ను ఊహించుకొనును. రోతపడువాడు ఊహించుకొనడు, ముఖము త్రిప్పుకొనును, లేదా కఱ్ఱ యెత్తును. పైన చెప్పిన కారాగారచిత్రములు భయానకమని పేరు పెట్టుకొని జుగుప్సను వడ్డించుచున్నవి. కారము హద్దుమీఱిన కూరలో ఉప్పుపులుపులు తెలియవని గుంటూరువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. కరుణము తోడులేని బీభత్సము అట్టిదే.

మన బేతాళుడును శవమునందే యుండును. సోమదేవుడు పదునొకండవ శతాబ్దమున కథాసరిత్సాగరమున చేర్చిన కథలలో రాజు భుజముమీది శవము మాటలాడును. కథ చెప్పి, ధర్మసందేహ మడుగును. తెలిసియు చెప్పకున్నచో తల పగులునని బెదిరించును. మన పూర్వులు శవమునకు నాలుక నిచ్చి న్యాయ మడిగించిరి. ఈనాటి జాంబీకి పండ్లున్నవి, మాట లేదు. మాట లేనివానిని దోషి యనుట సులభము.

ఇక తెలుగునకు వత్తము. మన భాషలో మొదటి జాంబీచిత్రముగా పేరుపడినది ప్రశాంత్ వర్మ దర్శకత్వమున 2021 ఫిబ్రవరి 5 న విడుదలయైన 'జాంబీ రెడ్డి'. తేజ సజ్జా నాయకుడు. ఇదియు పెద్ద ధనముతో తీసినది కాదు. ఇందు చెఱసాల లేదు; కర్నూలు జిల్లా పల్లె యొకటి కలదు. కరోనాకు మందు కనుగొనబోయి చేసిన ప్రయోగము వికటించి తెగులు పుట్టును. ముఠాకక్షలతో కత్తులు నూఱుకొను వారి నడుమ ఆ తెగులు ప్రవేశించును. తండ్రుల పగలు కొడుకులను బంధించు చోట వేఱొక చెఱసాల యెందుకు? అసలే ఒకరినొకరు నఱకుకొనువారు, కఱచుకొనుట మొదలుపెట్టినచో భేదమెంత యను నెత్తిపొడుపు ఈ చిత్రములోని హాస్యమునకు ప్రాణము. ఆ హాస్యము కొన్నిచోట్ల మోటుగా నున్నను, దాని వెనుక ఒక ఆలోచన యున్నది.

ముగింపున తెగులు తగిలినవారు గుడి తీర్థముచే మరల మనుష్యులగుదురు. ఇది మాకు నచ్చలేదు. శాస్త్రజ్ఞుని తప్పిదముతో మొదలైన కథను మహిమతో ముగించుట కథకునకు చేతకానితనము. కరోనా దినములలో కషాయములను తాయెతులను నమ్మి మోసపోయిన జనమునకు అది మంచిపాఠమును కాదు. ఐనను ఒక్క విషయమును మెచ్చుకొనకుండ జాలము. పాశ్చాత్యచిత్రములందు కాటు పడినవానికి గతి సాధారణముగా ఒక్కటే, తలపై దెబ్బ. ఈ తెలుగుచిత్రమున వాడు మరల మన యింటివాడగును. సాధనము తప్పు, ఆశ తప్పు కాదు.

ఈ యాశను గూర్చి గుంటూరున కూర్చుండి వ్రాయుటకు మాకొక కారణము కలదు. చీరాలకును బాపట్లకును నడుమ, రైలుదారిపై స్టూవర్టుపురము కలదు. అది చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022 లో బాపట్ల జిల్లాలో చేరినది. 1871 లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల శాసనమును చేసెను. 1911 లో దానిని మద్రాసు రాజధానికి వర్తింపజేసిరి. తరువాతి యేండ్లలో ఎఱుకలవారిని తెచ్చి ఈ సెటిల్మెంటున నిలిపి, దాని నిర్వహణమును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించిరి. హెరాల్డ్ స్టూవర్ట్ అను దొర పేర ఊరు వెలసినది. అచటివారు హాజరు పలుకవలెను; సెలవు లేక పొలిమేర దాటరాదు. ఎవడేమి చేసెనని కాదు, ఎవడే జాతిలో పుట్టెనని లెక్క. జాంబీచిత్రమున కాటు పడినవాడే చెడును; ఈ శాసనము తల్లికడుపులోనే కాటు పడినదని చెప్పినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952 లో గాని అది దేశమంతట రద్దు కాలేదు.

శాసనము పోయినను పేరు పోలేదు. 1991 లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 2023 లో 'టైగర్ నాగేశ్వరరావు' అను చిత్రములు వచ్చినవి. ఆ యూరి పేరు వినగానే దొంగతనమే స్ఫురించునంతగా వెండితెఱ దానిని వాడుకొన్నది. మా తరగతిలోని బాలుడు 'అసలే దొంగలు' అను మాటను పరదేశపు చిత్రమునుండి నేర్వనక్కఱలేదు. మన యిండ్లలో, మన రచ్చబండలపై, మన తెఱపై అది యెప్పుడును కలదు.

ఆ మాటను మార్పజూచినవారును మనలోనే కలరు. వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువా శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములు హరిశ్చంద్ర నాటకమున చేరి ఆంధ్రదేశమంతట మాఱుమ్రోగినవి. శవములు, నక్కలు, చీకటి, అన్నియు అందున్నను వినువానికి రోత కలుగదు, కన్నీరు కలుగును. ఆ కవి కుమార్తె హేమలతా లవణం భర్త లవణంతో కలిసి, 1970 తరువాతి దశకములలో స్టూవర్టుపురమున నేరమునకు అలవాటుపడినవారిని మంచిదారికి తెచ్చుటకు పాటుపడెను. తండ్రి వల్లకాటిలో చూచిన మనుష్యుని, కుమార్తె పోలీసు జాబితాలో చూచెను. తీర్థము చల్లలేదు; చదువు, పని, నమ్మకము, ఇవియే మందులు.

'జాంబీ రెడ్డి' వదలిన చోట మఱొకడు కథ నెత్తుకొనవచ్చును. దానికి కావలసిన వస్తువు మన చెఱసాలలందే కలదు. 2022 తుది లెక్కల ప్రకారము భారతదేశపు కారాగారములలో 5,73,220 మంది యుండగా అందు 4,34,302 మంది విచారణలో నున్నవారు. అనగా నలుగురిలో ముగ్గురికి నేరము ఋజువు కాలేదు. 2020 మార్చి 23 న సుప్రీంకోర్టు, ఇఱుకుగదులలో కరోనా ప్రాకునని శంకించి, ఎవరిని తాత్కాలికముగా విడువవచ్చునో నిర్ణయించుటకు ప్రతిరాష్ట్రమున ఒక సంఘమును నియమింపుమని యాజ్ఞాపించెను. బయట తెగులు, లోపల తాళము, కావలివాడు వచ్చునో రాడో తెలియదు: ఇది కల్పన కాదు, మనము బ్రతికిన సంవత్సరము. దీనిని కథగా మలచువానికి పెద్దధనము అక్కఱలేదు. ఖైదీలలో ఒక్కనికైనను ఒక పేరు, ఒక తల్లి, ఒక వాయిదా తేదీ ఇచ్చిన చాలును. వాడు పీనుగై లేచినపుడు ప్రేక్షకుడు వణకును. వానిపై తుపాకి యెత్తినపుడు మఱింత వణకును.

గృహస్థులకు మా మనవి యొక్కటే. ఇట్టి చిత్రములను పిల్లలకు నిషేధించిన మాత్రమున ఫలము లేదు. తలుపు చాటున చూతురు. ఈడు వచ్చిన పిల్లల ప్రక్కన మీరును కూర్చుండి చూడుడు. ముగిసిన పిదప, పీనుగులెన్ని చచ్చినవని కాక, వారినందు మూసినవారెవరని యడుగుడు.

మఱునాడు తరగతిలో మేము బోధన మేమియు చేయలేదు. ఆ నలుగురిలో ముగ్గురి లెక్కను మాత్రము నల్లబల్లమీద వ్రాసితిమి. ఆ బాలుడు కొంతసేపు దానిని చూచి, "మరి ఆ సినిమాలో ఎవడు దొంగో, ఎవడు కాదో అసలు చెప్పనేలేదు మాస్టారూ" అనెను. ఈసారి తరగతి నవ్వలేదు.