రచ్చబండ మీద చోటు

ఎక్స్ నుంచి బయటికి వచ్చిన తెలుగువారు తిట్లూ దెప్పిపొడుపులూ లేకుండా నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఎక్కడికి వెళ్లాలన్నది ఈ వారం ఈ శీర్షికకు అందిన ప్రశ్న. ప్రత్యామ్నాయ సామాజిక మాధ్యమాలుగా పేరుపడ్డవి చాలానే ఉన్నా, మాటలతో నడిచే వాటిలో ముందుగా తెలుసుకోవలసినవి రెండు: మాస్టడాన్, బ్లూస్కై. రెండింటి నిర్మాణం వేరు. అందుకే వాటిలో మనుషులు తారసపడే తీరు కూడా వేరు.

మాస్టడాన్‌ను జర్మనీలో ఉంటూ యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేశారు. అది ఒకే ఒక సైటు కాదు. ఎవరైనా తెచ్చుకుని సొంతంగా నడుపుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్. అలా నడిపే ఒక్కో చోటును సర్వర్ అంటారు. ప్రతి సర్వర్‌కూ దాని నిర్వాహకులు, దాని నియమాలు, హద్దు మీరినవారిని ఆపే మోడరేటర్లు ఉంటారు. ఒక కంపెనీ ఈమెయిల్ వాడేవారు మరో కంపెనీ ఈమెయిల్‌కు ఉత్తరం రాయగలిగినట్టే, ఒక సర్వర్‌లో ఉన్నవారు ఇంకో సర్వర్‌లోని వారిని అనుసరించవచ్చు, వారికి జవాబు రాయవచ్చు. ఇందుకు వీలు కల్పించే యాక్టివిటీపబ్ అనే ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఖరారు చేసింది. మాస్టడాన్‌లో ప్రకటనలు ఉండవు. ఎవరిని అనుసరిస్తారో వారి రాతలు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. జనానికి కోపం తెప్పించే రాతను పనిగట్టుకుని పైకి తెచ్చే ఏర్పాటు అందులో లేదు.

ఎలాన్ మస్క్ 2022 అక్టోబరు 27న 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను (నేటి ఎక్స్‌ను) కొన్నాక రెండు నెలల్లోపే మాస్టడాన్‌ను నెలనెలా వాడేవారి సంఖ్య 3 లక్షల నుంచి 25 లక్షలకు చేరింది. వచ్చినవారిని మొదట తికమక పెట్టింది ఖాతా తెరిచేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న: ఏ సర్వర్‌లో చేరతారు? ఇల్లు కట్టుకోకముందే ఊరు ఎంచుకోవాలి.

బ్లూస్కైలో ఆ ప్రశ్న రాదు. 2019లో ట్విటర్ లోపల ఒక ప్రయోగంగా మొదలై, తర్వాత వేరుపడి, 2024 ఫిబ్రవరి వరకు ఆహ్వానం ఉన్నవారికే తలుపు తీసిన చోటు అది. ఒకరు కూర్చిన మనుషుల జాబితాను ‘స్టార్టర్ ప్యాక్’ పేరుతో కొత్తవారికి అందించవచ్చు. దాంతో తొలిరోజే పదిమంది పరిచయమవుతారు. తెలుగు రాసేవారికి ఇంకో సౌకర్యం ఉంది. ఎక్స్‌లో ఒక రాతకున్న 280 అక్షరాల పరిమితిలో ‘కి’ అని రాస్తే కకారం ఒకటి, గుడి ఒకటి, మొత్తం రెండు ఖర్చవుతాయి. బ్లూస్కై 300 అక్షరాల పరిమితిలో ‘కి’ ఒక్కటే. గుణింతాలతో నిండిన భాషకు ఇది చిన్న మర్యాద కాదు.

ఇక ఎలాంటి చోటు ఎంచుకోవాలి అంటే, చిన్న గుంపే మర్యాద గల గుంపు అన్నది ఈ శీర్షిక పాఠకులకు పాత మాట. దానికి ఎప్పుడూ చెప్పే సాక్ష్యం 1990లనాటి ఎస్‌సీఐటీ, అంటే యూజ్‌నెట్ అనే పాత అంతర్జాల చర్చా వ్యవస్థలోని తెలుగువారి చర్చావేదిక. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకునే విద్యార్థులు, అక్కడే స్థిరపడిన ఉద్యోగులు అందులో కలుసుకునేవారు. తెర మీద తెలుగు అక్షరం కనిపించని కాలమది. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద చలామణి అయిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. తకారానికి చిన్న ‘టీ’, టకారానికి పెద్ద ‘టీ’. లకారానికి చిన్న ‘ఎల్’, ళకారానికి పెద్ద ‘ఎల్’. ఈ కిటుకు తెలియనివారికి అక్కడ రాసిన పద్యం ఒక పట్టాన చదవడానికి లొంగదు. ముందు వచ్చినవారు వెనక వచ్చినవారికి నేర్పక తప్పదు. గడప ఎత్తుగా ఉంది కాబట్టే చెయ్యి అందించేవారు అవసరమయ్యారు.

ఆ తర్వాత యాహూ గుంపుల కాలం వచ్చింది. అందులో ఒక తెలుగు సాహిత్య గుంపు పేరే రచ్చబండ. 2020 డిసెంబరులో యాహూ గుంపులన్నీ మూతపడ్డాయి. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, బెంగళూరులో పుట్టి తెలుగుతో సహా భారతీయ భాషలకు పెద్దపీట వేసిన కూ 2024లో అదే దారి పట్టాయి. కంపెనీ స్థలంలో వేసుకున్న అరుగు కంపెనీతోనే పోతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా తన ఉమ్మడి చర్చల పేజీకి రచ్చబండ అనే పేరు పెట్టుకుంది. కొత్తగా ఖాతా తెరిచినవారి చర్చా పేజీలో స్వాగతం చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆ రచ్చబండ ఇప్పటికీ నడుస్తోంది.

తెలుగువారు అంతర్జాలంలో ఎక్కడ చేరినా ఈ పేరే తడుతుంది. కానీ ఊరి రచ్చబండ మీద ఊరందరికీ చోటు ఉండేది కాదు. దళితులు దూరంగా నిలబడి వినవలసినవారే. ఆడవాళ్లు తలవంచుకుని ఆ దారిన దాటిపోవలసినవారే. పైన కూర్చున్నవారిని అడిగితే మాత్రం అంత మర్యాద గల చోటు ఇంకోటి లేదనేవారు. ఎస్‌సీఐటీలోనూ ఎక్కువమంది ఒకే తరహా చదువులు చదివి, ఒకే తరహా ఉద్యోగాలకు వెళ్లినవారు. అక్కడి సఖ్యతలో ఎంత వంతు గుంపు చిన్నదనం వల్ల వచ్చింది, ఎంత వంతు అందరూ ఒకే తీరువారు కావడం వల్ల వచ్చింది అన్నది ఈ శీర్షిక ఎన్నడూ వేసుకోని ప్రశ్న.

2019 అక్టోబరు, నవంబరు నెలలు ఆ ప్రశ్నను ముందుకు తెస్తాయి. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసింది. 1936లో నాజీ వందనం చేయడానికి నిరాకరించి చేతులు కట్టుకు నిలబడ్డ జర్మన్ కార్మికుడి ఫొటోను ఆయన తన ఖాతాలో పెట్టుకున్నారు. కులదూషణను పట్టించుకోని ట్విటర్ ఇలాంటి ఖాతాలను మూయడమేమిటన్న ఆగ్రహం ఆ రోజుల్లో పెల్లుబికింది. వేలమంది భారతీయులు మాస్టడాన్‌కు వెళ్లారు. కొన్నాళ్లకు చాలామంది వెనక్కి వచ్చేశారు. చుట్టూ తెలిసినవారు లేకపోవడం ఒక కారణం. అంతకంటే లోతైన చిక్కు ఇంకోటుంది. బెర్లిన్‌లోనో పారిస్‌లోనో ఉన్న మోడరేటరు ఎంత మంచివారైనా, తెలుగులో ఇంటిపేరు ఆరా తీయడంలోని అవమానం, సామెతలా వినిపించే కులదూషణ వారికి అర్థం కావు. ఫిర్యాదు వెళ్తుంది, ‘ఇందులో తప్పేమీ లేదు’ అని తిరిగి వస్తుంది.

కాబట్టి సర్వర్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, పరిచయ పేజీలోని నియమాలు. ‘మర్యాదగా ఉండండి’ అని ముక్తసరిగా ముగించిన సర్వర్ కంటే, జాతి, కులం, లింగం పేరిట దూషణను పేరుపెట్టి నిషేధించినది మేలు. రెండోది, నడిపేవారు ఎంతమంది అన్నది. మాస్టడాన్ తన అధికారిక జాబితాలో చేరే సర్వర్లకు 2019లో ఒక ఒడంబడిక పెట్టింది. ద్వేషాన్ని చురుగ్గా అడ్డుకోవాలి, రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసర సమయంలో సర్వర్‌ను చేతిలోకి తీసుకోగల రెండో మనిషి ఉండాలి, మూసేయదలిస్తే 3 నెలల ముందు చెప్పాలి. ఒక్కరే నడిపే సర్వర్ ఆ ఒక్కరు అలసిపోయిన రోజున ఆగిపోతుంది. మూడోది, ఆ సర్వర్ సభ్యుల రాతలు మాత్రమే కనిపించే స్థానిక వరుస. ఒక వారం దాన్ని చదివితే అక్కడివారు కొత్తవారి ప్రశ్నకు జవాబిస్తారో లేదో తెలిసిపోతుంది. నచ్చకపోతే సర్వర్ మారవచ్చు. తమను అనుసరిస్తున్నవారు వెంట వస్తారు, పాత రాతలు రావు.

చేరినవారు చేయవలసినవీ ఉన్నాయి. తామెవరో, వేటి మీద ఆసక్తి ఉందో చెప్పే పరిచయ రాత ఒకటి హ్యాష్‌ట్యాగులతో పెట్టాలి. వాటిలో ‘తెలుగు’ తప్పక ఉండాలి. మాస్టడాన్‌లో మనుషులనే కాదు, హ్యాష్‌ట్యాగునూ అనుసరించవచ్చు. చెల్లాచెదురుగా ఉన్న కొద్దిమంది ఒకరికొకరు కనిపించే మార్గం అదే. బొమ్మ పెట్టినప్పుడు చూపు లేనివారికోసం వివరణ రాయడం, మనసు కలచివేసే విషయానికి ముందు హెచ్చరిక పెట్టడం అక్కడి పద్ధతులు. పెద్ద సర్వర్‌లో చేరినా ఇవన్నీ కుదురుతాయి.

గుంపు చిన్నదా పెద్దదా అన్న పాత కొలత ఇక్కడ పనికిరాదు. తిట్లు పడ్డవారు ఫిర్యాదు చేసిన రోజున దాన్ని చదివేదెవరు, ఆ తిట్టు వారికి అర్థమవుతుందా, తిట్టినవారు తమ స్నేహితులే అయినా ఆపుతారా అన్నవే సరైన కొలతలు. తెలుగువారికి ఆదరణ గల చోటు కావాలంటే, తెలుగు తెలిసినవారు కొందరు మోడరేటర్లుగా ముందుకు రావాలి. పేరు రాని, జీతం లేని ఆ పనికి ఒకప్పుడు రచ్చబండకు దూరంగా నిలబడవలసి వచ్చినవారిని ముందుగా పిలవాలి. ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.