అంచు చదివే చూపు

నాణేలకు బదులుగా వర్తకులు, గనులవాళ్లు వేయించిన పాత బ్రిటిష్ రాగి టోకెన్లను గుర్తుపట్టేవాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ముందు బొమ్మ చూస్తారు. ఒకవైపు గుర్రమెక్కిన లేడీ గొడైవా, మరోవైపు వీపున కోట మోస్తున్న ఏనుగు ఉంటే అది 1790లనాటి కొవెంట్రీ అర పెన్నీ. అసలు పని ఆ తర్వాతే. బిళ్లను రెండు వేళ్ల మధ్య నిలబెట్టి, దీపం కింద మెల్లగా తిప్పుతూ అంచు చదువుతారు. ఏ ఊళ్లో, ఎవరి కొట్లో దానికి డబ్బు ముట్టేదో చాలావాటికి అక్కడే చెక్కి ఉంటుంది. 1787లో మొదలైన యాంగిల్‌సీ గని టోకెన్లకైతే డ్రూయిడ్ పూజారి తల చుట్టూ ఉన్న ఓక్ దండలో కాయలు కూడా లెక్కపెట్టాలి. ఎంత ఓపిక! అప్పుడుగాని కౌంటీలవారీగా కూర్చిన డాల్టన్, హామర్ జాబితాలో సరైన నంబరు దొరకదు. బొమ్మ అరిగి నున్నబడినా, అంచున నాలుగక్షరాలు మిగిలితే చాలు, పూచీపడ్డ వర్తకుడెవరో చాలాసార్లు చెప్పేస్తారు.