తేలికైన లినక్స్‌లో ఏది మేలు?

రాయ్‌పూర్‌లో మీ ఇంట్లో మూలనపడ్డ కంప్యూటర్‌ను మెయిల్ సర్వర్‌గా మార్చాలనుకున్నారనుకోండి. ముందుగా పప్పీ లినక్స్ ఆకర్షిస్తుంది. చిన్నది, చురుకైనది. కానీ అందులో వాడేవారు మామూలుగా రూట్ అధికారంతోనే పనిచేస్తారు. రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉండే యంత్రానికి అది తగదు.

ఆల్పైన్ నయం, చోటు చాలా తక్కువ తీసుకుంటుంది. అయితే ఒక్కో విడుదలకు భద్రతా సవరణలు సుమారు 2 ఏళ్లే అందుతాయి. డెబియన్‌కైతే మొత్తం 5 ఏళ్లు. డెస్క్‌టాప్ లేకుండా పెడితే అదీ తేలికే గనుక నా మొగ్గు దానికే. కాకపోతే 2025లో వచ్చిన డెబియన్ 13ను పాత 32 బిట్ల పీసీలో కొత్తగా ఎక్కించలేరు. అక్కడ ఆల్పైనే గతి.

నిజానికి బరువంతా లినక్స్‌ది కాదు. ఉత్తరాలు చేరవేసే పోస్ట్‌ఫిక్స్ కొద్ది మెమరీతో సరిపెట్టుకుంటుంది. వైరస్‌లను వెతికే క్లామ్‌ఏవీ ఒక్కటే 1 గిగాబైటుకు పైగా మింగుతుంది!

వేసవి గాలివానకు కరెంటు పోతే ఉత్తరాలు పోతాయని భయపడకండి. పంపే సర్వర్ సాధారణంగా 4, 5 రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అసలు అడ్డంకి 25వ పోర్టు. ఇంటి కనెక్షన్లలో దాన్ని తరచు మూసి ఉంచుతారు. మూసి ఉంటే ఏ లినక్స్ పెట్టినా బయటి ఉత్తరాలు మీ సర్వర్‌కు నేరుగా చేరవు. డిస్కు చెరిపేముందే ఆ సంగతి కనుక్కోండి.