పాస్‌వర్డుల పట్టిక: ఒక వ్యాస విమర్శ

బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్‌లు 1979లో ‘పాస్‌వర్డ్ సెక్యూరిటీ: ఎ కేస్ హిస్టరీ’ అను చిన్న వ్యాసమును ప్రకటించిరి. పలువురు వాడు యంత్రములో ఒకరి ఖాతా మరొకరి చేజిక్కకుండుట ఎట్లన్నది దీని విషయము. థాంప్సన్ యూనిక్స్ నిర్మాతలలో ఒకరు.

తమ వ్యవస్థలోని లోపములను తామే బయటపెట్టుట ఈ వ్యాసమునకు శోభ. 3,289 పాస్‌వర్డులను పరీక్షింపగా 2,831, అనగా 86 శాతము, మిక్కిలి పొట్టివిగానో నిఘంటువులలోని మాటలుగానో తేలినవి. పాస్‌వర్డును గూఢరూపమున దాచినను, దొంగ తాను ఊహించిన మాటలను అట్లే మార్చి పోల్చుకొనగలడు. అందుచే 4,096 సంఖ్యలలో ఒకదానిని చేర్చి గూఢపరచు పద్ధతిని రచయితలు వివరించిరి. దీనినే ‘ఉప్పు’ అందురు. ఒకే మాటను ఇద్దరు ఎంచుకొన్నను సాధారణముగా వేర్వేరు రూపములు వచ్చును.

అయినను ఒక కొరత కలదు. గూఢరూపములున్న ఫైలును వాడుకరులందరు చదువవచ్చును. యంత్రముల వేగము పెరిగిన కొలది ఇది ముప్పయినది. నేటి లినక్స్‌లో అవి ‘షాడో’ అను వేరొక ఫైలులో ఉండును. సామాన్య వాడుకరి దానిని చదువలేడు. నిర్వాహకుడు ‘యూజర్‌యాడ్’ ఆజ్ఞతో ఖాతా తెరచి, ‘పాస్‌వర్డ్’ ఆజ్ఞతో రహస్యమును ఏర్పరచును.

పాతపట్నము విద్యార్థి ఒకడు ‘నీలమణి’ అని పాస్‌వర్డు పెట్టుకొన్నాడనుకొందము. ఊరి దుర్గమ్మ పేరు ఎరిగిన తోటివాడు మొదట దానినే ప్రయత్నించును. తరగతికంతకు ఒకే ఖాతా ఇచ్చుచోట ఏ ఉప్పును పనిచేయదు. కంప్యూటరు బోధించువారు ఆజ్ఞలతోపాటు ఈ వ్యాసమును కూడ చదివించుట మేలు.